తెల్లచెట్టు పాకం

నా చిన్నప్పుడు, మా తాతయ్య చనిపోయిన తరవాత కూడా కొన్ని వారాలు మా ఇంట్లోనే ఉన్నాడు. ఈ మాట నమ్మమని ఎవరినీ అడగను. నేను సైన్సు చదువుకున్నదాన్నే, పగలంతా ల్యాబ్‌లో పని చేసుకుని బతుకుతున్నదాన్నే. అయినా ఆ వారాల గురించి ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు. తెల్లవారేసరికి వెనక గదిలోంచి ఆయన దగ్గు వినిపించేది. వెనక తలుపు దగ్గర ఆయన చెప్పులు ఒక్కోరోజు ఇంటివైపు తిరిగి ఉండేవి, ఒక్కోరోజు పెరటివైపు. వాటిని మేమెవరం ముట్టుకోవడం లేదని నాకు గట్టి నమ్మకం.

అప్పట్లో మేం బాతెల్‌లో ఉండేవాళ్లం. సియాటిల్ పక్కన, చలికాలమంతా సన్నగా వాన పడుతూనే ఉండే ఊరు. నాన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమ్మ ఒక మందుల కంపెనీలో పని చేసేది. ఇద్దరూ చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవారు. ఇంటి వెనక ఎత్తయిన అరుగులా చెక్క డెక్, దాని కింద చిన్న పెరడు, పెరటి చివర ఒకే ఒక్క బర్చ్ చెట్టు. సున్నం కొట్టినట్టు తెల్లటి మాను. కొమ్మలు రాలిన చోటల్లా బెరడు మీద నల్లటి మచ్చలు, అచ్చం కాటుక పెట్టిన కళ్లలాగే ఉండేవి. ఆ కళ్లకు రెప్పలు లేవు. తాతయ్య ఉన్నప్పుడు వాటిని చూసి నవ్వేదాన్ని. ఆయన పోయాక వంటింటి కిటికీకి వీపు పెట్టి కూర్చుని అన్నం తినేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

తాతయ్యది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. చెరకు పండించడం, గానుగాడించడం, బెల్లం వండడం, ఇదే ఆయన బతుకు. మామ్మ కూడా ఆయనతో సమానంగా పెనం దగ్గర నిలబడిన మనిషి. పొయ్యి ముందు ఏళ్ల తరబడి కూర్చున్నందుకు తాతయ్యకు దగ్గు, మామ్మకు మోకాళ్ల నొప్పులు మిగిలాయి. ఇద్దరినీ నాన్న తనతో తెచ్చుకున్నాడు. వచ్చిన రోజున తాతయ్య మా ఇంటి ముందు కారు దిగి, కప్పు వైపు చూసి అక్కడే ఆగిపోయాడు. కప్పు మూలన ఒక ప్లాస్టిక్ గుడ్లగూబ ఉండేది. వడ్రంగిపిట్టలు గోడ చెక్కలు పొడవకుండా అంతకుముందు ఉన్నవాళ్లు పెట్టిన బొమ్మ అది. "ఇంటి మీద గుడ్లగూబేట్రా? ముందది దించు" అని నాన్నను నిచ్చెన ఎక్కించి, దాన్ని గరాజ్‌లో పడేయించాక గానీ గుమ్మంలో అడుగు పెట్టలేదు.

పక్కింట్లో ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆమె మనవలు ఆమెను బాబా అని పిలిచేవారు. వాళ్ల భాషలో బాబా అంటే మామ్మట. మేమూ అలాగే అలవాటు పడ్డాం. "ఆడమనిసిని బాబా అంటారేటి, ఇసిత్రం కాకపోతేనూ" అని తాతయ్య ముక్కున వేలేసుకునేవాడు. తాతయ్యా మామ్మా వచ్చిన కొత్తలో, చలి కాస్త విరిగిన ఒక మధ్యాహ్నం, బాబా తన పెరట్లోని బర్చ్ చెట్టుకు కట్టిన డబ్బాలోంచి ఒక గ్లాసు నీళ్లు వంచి కంచె మీదుగా తాతయ్యకు అందించింది. చూడ్డానికి కుళాయి నీళ్లే. తాతయ్య ఒక గుక్క తీసుకుని, మింగకుండా నోట్లోనే ఉంచుకుని కళ్లు మూసుకున్నాడు. తరవాత నావైపు తిరిగి, గుట్టు చెబుతున్నవాడిలా గొంతు తగ్గించి, "ఇందులో తీపుందే" అన్నాడు.

బాబాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషును తెలుగులోకి మార్చే పని నాది. చలికాలం చివర చెట్టు వేళ్లలోంచి తీపి నీళ్లు పైకి లాగుతుందట. మానుకు చిన్న చిల్లు పెడితే అవి కారతాయట. తాగవచ్చు, పులియబెట్టవచ్చు, రోజంతా మరిగిస్తే పాకం కూడా వస్తుందట. కానీ మొగ్గలు విచ్చుకోగానే నీళ్లు తెల్లబడి చేదెక్కుతాయి, ఇక ఆపేయాలి. ఈ ఏటికి అయిపోయింది, మళ్లీ వచ్చే ఏడే అంది. పాకం అన్న మాట విన్నాక తాతయ్య ఇక మామూలు మనిషి కాలేదు. వచ్చే ఏడు మన చెట్టుకీ కడదాం, దీంతో బెల్లం దిమ్మ పోసి చూపిస్తాను అని నాతో, నాన్నతో, ఊళ్లో ఉన్న తమ్ముడితో ఫోన్‌లో, ఎవరు దొరికితే వాళ్లతో చెప్పాడు. వేసవిలో, ఆకులు రాలే కాలంలో, వాన లేని రోజల్లా వెళ్లి ఆ మాను మీద చెయ్యి వేసి నిలబడేవాడు. మామ్మ డెక్ మీంచి "పెళ్లాన్నెప్పుడూ అలగ పట్టుకోనేదు" అని వేళాకోళం చేసేది.

చలికాలం చివరిదాకా ఆయన ఆగలేదు. జనవరిలో ఒక మధ్యాహ్నం, వెనక గదిలో కుర్చీలో కూర్చునే పోయాడు. నేను స్కూల్ బస్సు దిగి వచ్చేసరికి ఇంటి ముందు అంబులెన్స్ ఉంది, దాని లైట్లు తిరగడం లేదు. లైట్లు తిరగడం లేదంటే తొందర లేదని అర్థమని నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న కర్మ అంతా పద్ధతిగా చేశాడు. గుడి నుంచి పంతులుగారు వచ్చారు. పదో రోజున పిండం తెచ్చి డెక్ మీద, రెయిలింగ్ పక్కన పెట్టారు. కాకి ముట్టాలి. కాకి ముడితే పోయినవాళ్లు తృప్తిగా వెళ్తున్నట్టు. ముట్టకపోతే వాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మామ్మ నాకు అలాగే చెప్పింది. మేం తలుపు వెనక నిలబడి చాలాసేపు చూశాం. వాన పడుతూనే ఉంది. పిండం తడిసి విడిపోయింది. ఒక్క కాకి కూడా రాలేదు.

బాతెల్ ఎలాంటి ఊరో తెలిసినవాళ్లకు ఇది ఎంత వింతో అర్థమవుతుంది. ఊరి చివర చిత్తడి నేల పక్కన ఒక కాలేజీ, దాని ఆవరణ నిండా చెట్లున్నాయి. చలికాలం సాయంత్రాలు నలుదిక్కుల నుంచీ కాకులు అక్కడికే చేరతాయి. వందలు కాదు, వేలు. పొద్దువాలేవేళ మా ఇంటి మీదుగా నల్లటి ఏరు పారుతున్నట్టు వెళ్లేవి. మాట్లాడుకుంటుంటే ఆ గోలలో మాట వినిపించేది కాదు. పొద్దున్నే మళ్లీ ఊరంతా చెదిరిపోయేవి. చెత్తడబ్బాలు, పార్కింగ్ లాట్లు, స్కూల్ గ్రౌండ్, ఎక్కడ చూసినా అవే. అన్ని కాకుల ఊళ్లో మా తాతయ్య ముద్దను ముట్టే కాకి ఒక్కటి లేకపోయింది.

పంతులుగారు దర్భతో కాకిని చేసి ఆ తంతు ముగించారు. శాస్త్రంలో దానికీ దారి ఉందన్నారు. మామ్మకు ఆ దారి సరిపోలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక పళ్లెంలో తాతయ్యకు ఇష్టమైనది ఏదో ఒకటి వండి రెయిలింగ్ మీద పెట్టేది. ఒకరోజు గారెలు, ఒకరోజు వంకాయ కూర, ఒకరోజు ఎండుచేపల పులుసు. కాకి ముట్టేదాకా తను ఒంటిపూటే తింటానంది. రోజురోజుకీ జాకెట్టు చేతులు ఆమె మోచేతుల దగ్గర వదులైపోతున్నాయి. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "ఈవేళైనా వచ్చిందా అమ్మా?" అని అడిగేవాడు. మామ్మ తల అడ్డంగా ఊపేది. నాన్న వెనక గది గుమ్మం దాకా వెళ్లి, లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చేవాడు.

ఫిబ్రవరి చివర బాబా మా తలుపు తట్టింది. చేతిలో డ్రిల్లు, ఒక ఇనప గొట్టం, కడిగిన పాల డబ్బాలు. చెట్టు లేచింది అంది. నేనది తెలుగులో చెప్పగానే మామ్మ మొహం ఒక్కసారిగా ఎలాగో అయిపోయింది. వద్దంటుందేమో అనుకున్నాను. కానీ నాన్న చలికోటు చీర మీద వేసుకుని, నన్ను డెక్ మీదే ఉండి చూడమని, మడమ దగ్గర అణగదొక్కిన బూట్లలో పెరట్లోకి దిగింది. బాబా మానును చేత్తో తట్టి చూసి, ఎండ తగిలే వైపు మోకాలెత్తున, కొంచెం పైకి వాల్చి చిల్లు పెట్టింది. తెల్లటి పొట్టు రాలింది. గొట్టం బిగించేలోపే నీళ్లు బయటికి వచ్చేశాయి. ఒక చుక్క, వెంటనే ఇంకో చుక్క. మాను మీద అక్కడే ఒక నల్లటి కన్ను ఉంది. చిల్లు దాని కిందే పడింది. బాబా తన గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. మామ్మ చెట్టుకు దణ్ణం పెట్టింది. ఇద్దరూ ఒకళ్ల వైపు ఒకళ్లు చూసుకోలేదు.

ఆ రోజు నుంచి చుక్క పడే చప్పుడు మా ఇంట్లో భాగమైపోయింది. ఖాళీ డబ్బాలో గట్టిగా, నిండుతున్నకొద్దీ మెత్తగా. నేను ఆ నీళ్లు గ్లాసుల కొద్దీ తాగాను. తీపి ముందు తెలియదు, మింగాక నాలుక వెనకాల తెలుస్తుంది, దాంతోపాటు పచ్చి చెక్క వాసన కొంచెం. మామ్మ వాటిలో మిరియాలు, ఏలకులు దంచి వేసి పానకం చేసింది. ఆ నీళ్లతోనే చారు పెట్టింది, అన్నం వండింది. బాబా ఒక సీసాలో ఎండుద్రాక్ష వేసి మూత బిగించి ఇచ్చింది. కొన్నాళ్లకు అది బుసబుస పొంగి, పుల్లగా, ముక్కులోకి ఎక్కేలా తయారైంది. మామ్మ మూత తీసి వాసన చూసి, "ఇది కల్లేనే. ముసలోడుంటే నాకు సుక్క మిగిల్చేవోడు కాదు" అంది. తాతయ్య పోయాక ఆమె నోటి వెంట నవ్వు లాంటిది వచ్చింది అప్పుడే.

కానీ ఆమె మనసంతా బెల్లం మీదే ఉంది. బాబా ఇచ్చిన గ్యాస్ పొయ్యిని డెక్ మీద పెట్టి, ఇక్కడివాళ్లు పండక్కి టర్కీ కోడిని వండుకునే పెద్ద పాత్రలో నీళ్లు పోసి మరిగించేది. స్కూల్ నుంచి వచ్చేసరికి డెక్ అంతా ఆవిరి, ఆవిరిలో మామ్మ, ఆమె వెనక పెరట్లో ఆ తెల్లచెట్టు. పాత్ర నిండా పోసిన నీళ్లు సాయంత్రానికి టీ గ్లాసుడు మిగిలేవి. ముందు గోధుమరంగు, తరవాత ఎరుపు, ఆపైన నలుపు. మామ్మ గరిటె ఎత్తి తీగ చూసేది. గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకుని అందులో ఒక చుక్క వేసేది. చెరకు పాకమైతే ఆ చుక్క ఉండ కట్టాలి. ఇది కట్టేది కాదు. నీళ్లలో నల్లటి దారంలా సాగి అడుక్కి దిగిపోయేది. ఇంకాస్త మరిగిస్తే ఉండ కట్టడానికి బదులు మాడిపోయేది.

ఈ చక్కెర చెరకు చక్కెర లాంటిది కాదని, ఎంత కాచినా గడ్డ కట్టదని నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు. బాబాకు గడ్డ కట్టించాలన్న ఆలోచనే లేదు, ఆమెకది రొట్టె మీద పోసుకునే పాకం. బెల్లం వండి బతికిన ఇంటివాళ్లం కాబట్టి తీపి కనపడగానే దిమ్మ పోయాలనిపించింది మాకు. పాకం మాడిన ప్రతిసారీ మామ్మ పాత్ర దించి, పెరటి వైపు చూసి, "ఆయనే కట్టనివ్వడం నేదు" అనేది. దిమ్మ కడితే తాతయ్య కోరిక తీరి కాకి వస్తుంది, కాకి వస్తే తాతయ్య వెళ్లిపోతాడు. కట్టాలని కోరుకోవాలో వద్దో నాకు తెలిసేది కాదు. పొద్దున్నే దగ్గు వినిపించినప్పుడు భయం వేసేది. వినిపించని రోజు ఇంకా భయం వేసేది.

డబ్బాలు తెచ్చే పని మామ్మే చేసుకునేది. గడ్డి తడిగా ఉంది, జారిపోతావు అని నన్ను పెరట్లోకి దిగనిచ్చేది కాదు. ఒక శనివారం పాకం సరిగ్గా ముదిరే వేళకు డబ్బా నిండి పొర్లుతున్న చప్పుడు వినిపించింది. గరిటె వదిలితే మాడిపోతుంది. ఆలోచించకుండానే "నువ్వెల్లి తెచ్చీ అమ్మా" అనేసింది. నేను పరుగున వెళ్లి డబ్బా మార్చి, బరువుకు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి తిరిగాను. అక్కడి నుంచి చూస్తే మా డెక్ మొత్తం కనిపిస్తుంది. రెయిలింగ్ మీద పొద్దున పెట్టిన గారెల పళ్లెం. దాని కింద, రెయిలింగ్ చెక్కలకు అవతలి పక్క, ఇంట్లోంచి ఎవరికీ కనపడని అంచు మీద గుడ్లగూబ కూర్చుని ఉంది. పసుపుపచ్చ కళ్లతో ఆకాశం వైపే చూస్తోంది.

గరాజ్‌లో ఉండాల్సిన బొమ్మ. తాతయ్య దింపించిన బొమ్మ. అది నడిచి వచ్చిందేమో అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. తరవాత డెక్ మీద మామ్మ మొహం చూశాను. ఆమె గరిటె తిప్పడం మానేసి నన్నే చూస్తోంది. పాకం మాడిన వాసన పెరటి దాకా వచ్చింది. ఆమె పట్టించుకోలేదు.

నేను పైకి వచ్చాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. తిట్టలేదు, దాచలేదు. పదో రోజు తెల్లవారుజామున అందరూ లేవకముందే తనే గరాజ్‌లోంచి తెచ్చి పెట్టానంది.

"గుడ్లగూబుంటే కాకి వత్తాదేటి? రాదు. నానే రానివ్వడం నేదు. కాకి ముడితే మీ తాత ఎల్లిపోతాడే. మరి రాడు."

ఇన్ని రోజుల వంటా, ఒంటిపూటా, కాకికి పెట్టిన పళ్లేలూ అన్నీ నిజమే, గుడ్లగూబా నిజమే. ఆయనకు రోజూ అన్నం పెట్టడం ఆమెకు కావాలి. ఆయన తిని వెళ్లిపోవడం మాత్రం వద్దు. అర్థమైనంత మేరకు నేను తల ఊపాను. నాకూ తాతయ్య వెళ్లడం ఇష్టం లేదు కదా. "మీ నాన్నకి సెప్పకేం" అంది. చెప్పనని ఒట్టేశాను. ఆ రోజు మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నామని ఇప్పుడు తలుచుకుంటే నాకే వింతగా ఉంటుంది. ఒక మనిషిని ఇంట్లో దాచుకున్న దొంగల్లా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

బాబాకు ఈ సంగతి ముందే తెలుసని నా అనుమానం. రోజూ తన పెరట్లోంచి ఆ గుడ్లగూబను చూస్తూనే ఉండి ఉంటుంది. వాళ్ల ఊళ్లో కూడా వసంతంలో సమాధుల మీద రొట్టె, గుడ్లు పెడతారని ఒకసారి నాతో చెప్పింది. కంచె దగ్గర మామ్మతో మాట్లాడేటప్పుడు ఆమె చూపు రెయిలింగ్ దాకా వెళ్లి పక్కకు తప్పుకునేది.

ఆ తరవాత వారం, ఒక సాయంత్రం నాన్న ఎప్పటికన్నా ముందే వచ్చాడు. లోపలికి రాలేదు. ఇంటి పక్క నుంచి తిన్నగా డెక్ మెట్లెక్కి పళ్లెం ముందు నిలబడ్డాడు. వాన పడుతోంది. మెడలో ఆఫీసు బ్యాడ్జి అలాగే ఉంది. కాకులు గూళ్లకు మళ్లే వేళ, తలెత్తితే ఆకాశమంతా అవే. నాన్న ముందు వాటిని మామూలుగానే చూశాడు. తరవాత పళ్లెంలోంచి ముద్ద తీసి, చెయ్యి పైకెత్తి పిలవడం మొదలుపెట్టాడు. కావ్ కావ్ అని. ఊళ్లో చిన్నప్పుడు నేర్చుకున్న పిలుపు అయి ఉంటుంది. ఒక్కటీ దిగలేదు. పిలిచి పిలిచి గొంతు జీరపోయాక, "ఏం కావాలి నాన్నా? నేనేం తక్కువ చేశాను? చెప్పు నాన్నా, ఏం కావాలో చెప్పు" అన్నాడు. నలభై ఏళ్ల మనిషి ఆ చేత్తో ముద్ద పట్టుకునే ఏడ్చాడు. మెతుకులు వేళ్ల సందుల్లోంచి చొక్కా చేతిలోకి జారిపోయాయి.

నేను, మామ్మ వంటింటి కిటికీ దగ్గర ఉన్నాం. అన్నాళ్లూ నాన్న ప్రశ్నకు ఆమె తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. ఆ జవాబు తన కొడుకు లోపల ఎక్కడికి దిగుతోందో ఆమె చూడలేదు. ఆ సాయంత్రం చూసింది. నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి బిగుసుకుంది. నొప్పి పుట్టింది గానీ తీయమనలేకపోయాను.

మర్నాడు బాబా వచ్చి కొమ్మలు చూసింది. చివర్లు ఎర్రబడి మొగ్గలు పగులుతున్నాయి. డబ్బాలో నీళ్లు పల్చటి మజ్జిగలా తెల్లబడ్డాయి. "ఇక చాలు, మిగతాది చెట్టుది" అంది బాబా. నేను తెలుగులో చెప్పాను. మామ్మ చెట్టు వైపు చూస్తూ ఆ మాట ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. బాబా గొట్టం ఊడబెరికింది. చిల్లులోంచి కొంచెంసేపు కారి, తరవాత తడి మాత్రమే మిగిలింది.

అంతకుముందు పట్టి ఉంచిన మంచినీళ్లు ఒక పాత్రకు సరిపడా మిగిలి ఉన్నాయి. మామ్మ వాటిని సన్నటి మంట మీద రోజంతా కాచింది. ఈసారి చల్లటి నీళ్ల గిన్నె పెట్టుకోలేదు. ఉండ కడుతుందో లేదో చూడలేదు. ఎర్రగా, తేనెలా జారుతున్నప్పుడే దించేసింది. నాలుక మీద వేసుకుంటే ముందు తీపి, ఆపైన పులుపు, చివర కాస్త చేదు. బెల్లం రుచి కాదు. ఆదివారం పొద్దున్నే కొత్త బియ్యంతో పరమాన్నం వండి ఆ పాకం అందులో కలిపింది.

ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. నన్ను ఒక్కదాన్నే లేపి పెరట్లోకి తీసుకెళ్లింది. పెట్టినప్పుడు రెయిలింగ్ మీంచి వంగి కిందికి జారవిడిచిందట, తీయడానికి కింద నుంచి డెక్ అంచు ఆమెకు అందలేదు. నన్ను ఎత్తుకుంది. మోకాళ్లు వణుకుతున్నాయి, అయినా ఎత్తుకుంది. గుడ్లగూబను నేను దించాను. వాన నీళ్లు దాని బోలు కడుపులోకి చేరి గలగలమన్నాయి. మామ్మ దాన్ని తీసుకెళ్లి వీధి వైపున్న చెత్తడబ్బాలో వేసి మూత పెట్టింది. తరవాత పైకి వచ్చి, పరమాన్నం పళ్లెం రెయిలింగ్ మీద పెట్టి, వెనక గది కిటికీ వైపు తిరిగింది. పక్కన మనిషితో అన్నట్టు మామూలు గొంతుతోనే అంది.

"ఎల్లు. పిల్లోడు ఏడుత్తన్నాడు."

ఆ తరవాత వెళ్లి నాన్నను లేపింది. నాన్న లుంగీతో, నిద్రకళ్లతో వచ్చి తలుపు వెనక నిలబడ్డాడు. ఎక్కువసేపు పట్టలేదు. ఒక కాకి బర్చ్ కొమ్మ మీద వాలింది. అక్కడి నుంచి రెయిలింగ్ మీదికి వచ్చింది. తల ఒక పక్కకు వాల్చి పళ్లేన్నీ, మమ్మల్నీ చూసింది. ముక్కుతో కాస్త తీసుకుంది. మళ్లీ ఇంకాస్త తీసుకుంది. నాన్న గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వో ఏడుపో నేను చెప్పలేను. చిన్నపిల్లాడిలా తల్లిని పట్టుకుని, "ఇదేనమ్మా ఆయనకి కావాల్సింది. ఈ చెట్టు పాకమే. మనకి తట్టలేదు చూడు" అన్నాడు. మామ్మ కొడుకు వీపు నిమురుతూ, అవున్రా, ఇదే అంది. నాన్న భుజం మీదుగా ఆమె కళ్లు కాకినే చూస్తున్నాయి. అది తిని, ముక్కు చెక్కకు తుడుచుకుని, కాలేజీ చెట్ల వైపు కాకుండా ఇంకెటో ఎగిరిపోయింది. కనపడకుండా పోయేదాకా ఆమె చూసింది.

ఆ రోజు నాన్న దగ్గర కూర్చుని వడ్డిస్తే మామ్మ రెండు పూటలా తిన్నది. నాన్న ఎన్నాళ్లకో మధ్యాహ్నం సోఫాలో పడి గురకపెట్టి నిద్రపోయాడు. ఇల్లు తేలికపడిందని అమ్మ ఫోన్‌లో ఎవరికో చెబుతోంది. నేను వెనక గదిలోకి వెళ్లి చూశాను. కుర్చీ కుర్చీలాగే ఉంది. మర్నాడు తెల్లవారాక పక్క మీద పడుకుని విన్నాను. దగ్గు లేదు. ఆ మర్నాడూ లేదు. మూడో రోజు నేను ఏడుస్తుంటే మామ్మ వచ్చి పక్కన పడుకుంది. వెళ్లినా మనతోనే ఉంటాడని, మన గుండెల్లో ఉంటాడని, స్కూల్లో కౌన్సెలర్ చెప్పేలాంటి మాట ఒకటి చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. "ఎల్లిపోనాడమ్మా" అంది, అంతే. ఆ మాట పట్టుకుని మేమిద్దరం కడుపారా ఏడ్చాం. ఓదార్పు కన్నా ఆ నిజమే నాకు మేలు చేసిందని పెద్దయ్యాక తెలిసింది.

నాన్న తెలుగు చదవడం మానేసి చాలా కాలమైంది. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. నాకు ఈ అక్షరాలు నేర్పింది మామ్మే. డెక్ మీద, పాత్ర మరుగుతున్నంతసేపూ, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాయించి నేర్పింది.

నేను కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. ఆమె పదో రోజున పళ్లెం పెట్టిన వెంటనే కాకి వచ్చింది. నాన్న దాన్ని చూసి తృప్తిగా చేతులు జోడించాడు. ఇప్పటికీ ఏటా చలికాలం చివర ఆ చెట్టుకు గొట్టం బిగించి, నీళ్లు కాచి, చిన్న సీసాల్లో పోసి తెలిసినవాళ్లందరికీ పంచుతాడు. సీసాతో పాటు తాతయ్య కథ కూడా. నా పిల్లలకు ఆ కథ కంఠతా వచ్చు. కాకి దిగకపోవడం, చెట్టు పాకంతో పరమాన్నం, తాత కోరిక తీరడం. ఆ కథలో గుడ్లగూబ లేదు.

ఈ ఏడు సీసా ఇవ్వడానికి మా ఇంటికి వచ్చినప్పుడు నాన్న దాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. సీసా నా చేతిలో పెట్టి, "మా నాన్నకి ఏం కావాలో ఆలస్యంగానైనా తెలుసుకున్నాం. అమ్మ నయం. ఏ కోరికా మిగుల్చుకోకుండా పోయింది" అన్నాడు.

ఆమెకు ఒకే ఒక్క కోరిక ఉండేదని, దాన్ని నాన్న కోసం తెల్లవారకముందే లేచి తన చేతులతో తనే వదులుకుందని నాకు తెలుసు. నా నోటిదాకా వచ్చింది.

"అవును నాన్నా" అన్నాను.